యోనా చెట్టు
బైబిలునందలి దుర్బోధస్థలములను జదువు తెఱఁగునకు నొక యుదాహరణము

బైబిలనునది యొక గ్రంథము గాదు, గ్రంథసంచయము. హెబ్రీ, అరామీ, గ్రీకు భాషలలో ననేకశతాబ్దులయం దనేకులచే రచింపఁబడిన ధర్మశాసనములు, వంశావళులు, కీర్తనలు, సామెతలు, ప్రవచనములు, లేఖలు నందుఁ గూర్పఁబడినవి. దాని నాద్యంతము నొక్క దృష్టితోఁ జదువఁబూనినవాఁడు తికమకపడుట వింత గాదు. ఆ తికమక క్రొత్తదియుఁ గాదు. ఒకచో నప్రసిద్ధపదము, ఒకచోఁ బాఠభేదము, వేఱొకచో గ్రంథ మే జాతికిఁ జెందినదో యెఱుఁగమి దానికిఁ గారణము. ఈ మూఁడును నొక్కచోటనే కానవచ్చు చిన్నగ్రంథము యోనా. అందలి యొక చెట్టును గూర్చి పదియాఱువందల యేండ్లక్రిందట జరిగిన కలహము, దుర్బోధస్థలముల నెట్లు చదువవలయునో, యెట్లు చదువరాదో కూడఁ దెలుపును.

యోనాగ్రంథమున నాలు గధ్యాయములు, 48 వచనములు కలవు. అష్షూరుదేశపు మహానగరమగు నీనెవెకుఁ బోయి దాని దుష్టత్వమును ఖండింపుమని ప్రవక్తకు దైవాజ్ఞ యయ్యెను. తూర్పునకుఁ బోవలసినవాఁడు పడమటికిఁ బోవు నోడ నెక్కెను. తుపాను రేఁగెను, నావికు లాతని సముద్రమున విడిచిరి, మూఁడుదినములు మత్స్యగర్భమున నుండి వెలువడి, రెండవయాజ్ఞను శిరసావహించి నీనెవెలోఁ జాటెను. రాజు మొదలుకొని పశువులవఱకు నగరమంతయు గోనెపట్ట గట్టి యుపవసించెను. దేవుఁడు దండనమును మానెను. సంతసింపవలసిన ప్రవక్త కోపించి, పట్టణమునకుఁ దూర్పునఁ బందిరి వేసికొని యేమి జరుగునో చూచుచుఁ గూర్చుండెను. అప్పుడొక చెట్టు మొలిచి యాతనికి నీడనిచ్చెను. మఱునాఁటి వేకువనే పురుగు తొలువఁగా నెండిపోయెను. నగరము బ్రదికినందులకుఁ గోపించిన యాతఁడే చెట్టు చచ్చినందులకుఁ దానును జావఁగోరెను.

ఈ చెట్టునకు మూలమున నున్న పేరు కీకాయోన్. హెబ్రీ బైబిలున నీ యధ్యాయముననే తప్ప నీ పదము మఱెచ్చటను గానరాదు. ప్రయోగాంతరము లేని పదమున కర్థము చెప్పుట యెంత కష్టమో నిఘంటుకారు లెఱుఁగుదురు. డెబ్బదిమంది పండితులు చేసిరని ప్రసిద్ధికెక్కిన ప్రాచీన గ్రీకు అనువాదము, అనఁగా సప్తతి, దీనిని సొరగుమ్మడిజాతి పాదుగాఁ జెప్పెను. దానిననుసరించిన ప్రాచీన లాటిను అనువాదమును నట్లే చెప్పెను. తరతరములుగాఁ గ్రైస్తవులు యోనాకు నీడ యనఁగా సొరపాదే యని వినిరి.

క్రీ. శ. 386లో బెత్లెహేమునఁ గుదురుకొనిన జెరోము, యూదుగురువులయొద్ద హెబ్రీభాష నభ్యసించి, పూర్వనిబంధనమును మూలమునుండియే లాటినులోని కనువదించెను. యోనాచెట్టును సొరపాదు గాదని యాతఁడు లాటినున "హెడెరా" యని వ్రాసెను. ఇది యూరోపుఖండమున గోడలపైఁ బ్రాఁకు నొక తీఁగ. 403వ సంవత్సరమున హిప్పో పట్టణపు బిషప్పగు అగస్టీను జెరోమునకు వ్రాసిన లేఖలో దీని ఫలము వర్ణితమైనది. ఓయా యనునూర, అనఁగా నేఁటి లిబియాదేశపు ట్రిపోలీలో, నచ్చటి బిషప్పు జెరోమనువాదమును సభలోఁ జదివించెను. తాతముత్తాతలనాఁటినుండి చెవులయందు నాటుకొన్న మాట మాఱుటతో జనులలో నల్లరి పుట్టెను. గ్రీకువారు ముఖ్యముగా నది కూటపాఠమని కేకలు వేసిరి. బిషప్పు తుదకా యూరి యూదుల నడుగవలసివచ్చెను. హెబ్రీప్రతులయందును గ్రీకు లాటినుప్రతులం దున్నదే యున్నదని వారు చెప్పిరి. ప్రజలు తన్ను విడిచి పోవుదురని జంకి యాతఁడు పాఠమును దిద్దెను. ఒక చెట్టు పేరు మాఱుటచే నొక సంఘమే చీలఁబోయెను.

జెరోము తక్కువ తినినవాఁడు గాఁడు. అంతకు ముందే, 396 ప్రాంతమున వ్రాసిన యోనావ్యాఖ్యానమున, ఇదే విషయమునఁ దన్ను నిందించిన రోమునగరవాసి నొకనిఁ బరిహసించి, సొరబుఱ్ఱలు పోయినచోఁ జాటున ద్రాగుటకుఁ బాత్ర లుండవని యాతని భయమని యెత్తిపొడిచి యుండెను. అగస్టీనునకు వ్రాసిన యుత్తరమున నోయా యూదులు హెబ్రీభాష యెఱుఁగనివారో, సొరకాయల పక్షమువారిని వెక్కిరింపఁ గోరి బొంకినవారో యని వ్రాసెను. పండితుఁడు కోపమున నన్నమాటల నటుంచి, యాతఁడు చూపిన హేతువును బరిశీలింపవలయును. మూలపదమునే యుంచినయెడల నెవ్వరికినిఁ దెలియదు. సొర యన్నచో మూలమున లేనిదానిఁ జెప్పినట్లగును. కావునఁ బూర్వపు గ్రీకు అనువాదకులలోఁ గొందఱు వాడిన మాటనే గ్రహించితినని యాతని సమాధానము.

విచిత్ర మేమనఁగా, ఆ చెట్టేదో జెరోము బాగుగ నెఱుఁగును. ద్రాక్షాకులవంటి వెడల్పాకులు, దట్టమైన నీడ, ఆధారము లేకయే తన మొదలిపైఁ దాను నిలుచుట, పాలస్తీనా యిసుకనేలలలో విస్తారముగాఁ బెరుఁగుట, విత్తు పడిన కొలఁదిదినములకే చిన్న వృక్షమగుట: ఇవి యాతఁ డిచ్చిన గుఱుతులు. తెలుఁగు పాఠకునకు వేఱు వివరణ మక్కఱలేదు, ఇది యాముదపుచెట్టు. క్రీస్తుపూర్వ మైదవశతాబ్దివాఁడగు హెరొడోటసు, ఐగుప్తీయులు "కికి" యను నూనెను దీపములకు వాడుదురనియు నది కంపుకొట్టుననియు వ్రాసెను. యూదుల తల్మూదునందు, విశ్రాంతిదినపు దీపమునకుఁ బనికిరాని "కిక్" నూనెను గూర్చిన చర్చలో, నది యోనా కీకాయోనే యని యొక గురువు చెప్పఁగా, మఱియొకఁడు తానా చెట్టును జూచితిననియు, దాని గింజలనుండి నూనె తీయుదురనియుఁ జెప్పెను. గ్రీకు చారిత్రకుఁడు, యూదుగురువులు, క్రైస్తవసన్న్యాసి యొకరినొక రనుసరింపకయే యొక్క చెట్టునకు సాక్ష్యమిచ్చుచున్నారు. నేఁటి పండితులు పెక్కుమంది యీ నిర్ణయమునే యంగీకరింతురు. జెరోమునకు వస్తువు తెలియును, దానికి లాటినుమాట దొరకలేదు. ఓయాజనులకు మాట తెలియును, వస్తువుతోఁ బనిలేదు.

1611 నాఁటి యాంగ్లానువాదమును మూలపాఠమున సొరనే యుంచి, యాముదపుచెట్టు నంచునఁ జూపెను. తెలుఁగునాఁటఁ బ్రసిద్ధమైన బైబిలున "సొరచెట్టు" అని కలదు. పాదునకుఁ జెట్టని పేరిడుట చదువరిని నిలువరించును. అట్లు నిలువరించుటయే మేలు. ఏ చెట్టును లేనిచోట నాముదపుచెట్టే మహావృక్షమను సామెత నెఱిఁగినవానికి, ఎండలోఁ గూర్చున్న ప్రవక్త యా యల్పతరువు నేల యంతగా వలచెనో వ్యాఖ్యాత చెప్పనక్కఱలేదు. విత్తకయే మొలచి, కూలికోరకయే పెరుఁగు నా చెట్టు, "నీవు కష్టపడనిదానికై విచారించుచున్నావే" యను భావముగల గ్రంథాంతవాక్యమున కెంతయుఁ దగియున్నది.

అగస్టీను పక్షమునను న్యాయము కలదు. ఒక్కొక్కరు నొక్కొక్క పాఠమును జదువఁజొచ్చినయెడల గ్రీకుసంఘములకును లాటినుసంఘములకును సామరస్యము చెడునని యాతని భయము. ఓయాలో జరిగినది దానిని సమర్థించెను. అయినను, 396-397 ప్రాంతమున నారంభించి 426-427 ప్రాంతమునఁ బూర్తిచేసిన "క్రైస్తవబోధను గూర్చి" యను గ్రంథమున, చెట్లు, జంతువులు, శిలల స్వభావ మెఱుఁగమిచే లేఖనములందలి యుపమానములు దురవగాహము లగుననియు, అట్టివాని నెవ్వరైన నొక్కచోఁ జేర్చి వివరించిన మేలనియు వ్రాసిన వాఁ డీతఁడే. అస్పష్టస్థలములను స్పష్టస్థలములచే వివరింపవలయునను సూత్రము నందే కలదు. సూత్రము రచించుట యొకటి, సభలోఁ గేకలు వినుచు దానిఁ బాటించుట వేఱొకటి.

పాఠభేదము చెట్టుతోఁ దీరలేదు. నీనెవెకు యోనా యిచ్చిన గడువు హెబ్రీమూలమున నలువది దినములు, సప్తతిలో మూఁడు దినములు. "దేవనగరము" పదునెనిమిదవ భాగమున అగస్టీను దీనిని విచారించి, ప్రవక్త పలికినది నలువదియే కావచ్చునని యొప్పుకొనుచునే, మూఁడు క్రీస్తు సమాధిలోనున్న దినములను, నలువది యుత్థానానంతరము శిష్యులతో నున్న దినములను సూచించుననియు, రెండును నొక్కయాత్మ పలికించినవే యనియు సమన్వయించెను. చతురమే కాని, యిది ప్రతుల భేదమును వివరింపదు, కప్పిపుచ్చును. అంతకుఁ బూర్వము ఓరిగెను, పాఠకుఁడు పైయర్థముతోఁ దృప్తినొందక లోఁతునకు దిగుటకై దైవమే లేఖనమునఁ దట్టుకొను ఱాళ్ళ నుంచెనని చెప్పియుండెను. అట్లు చెప్పినవాఁడే హెబ్రీమూలమును, గ్రీకు అనువాదములను నాఱు వరుసలలోఁ బ్రక్కప్రక్కన వ్రాయించెను. గూఢార్థ మెంత ప్రియమైనను బాఠశోధన మాతఁడు మానలేదు. ఆయన యనుచరులలో మొదటిదానినే గ్రహించినవారు పెక్కండ్రు.

ఇఁక గ్రంథజాతి. నీనెవె మూఁడుదినముల ప్రయాణమంత పెద్దదని గ్రంథము చెప్పును. 1840వ దశకమునఁ ద్రవ్వకము లారంభమైన మోసులుసమీపపు శిథిలములలోఁ బ్రాకారము చుట్టుకొలఁత యించుమించు 12 కిలోమీటరులే. గోనెపట్ట గట్టిన పశువులు, ప్రవక్తను మ్రింగిన మత్స్యము సరేసరి. మత్తయిసువార్తలో యేసు యోనాను బేర్కొనుటచే నిది జరిగిన చరిత్రమే యని కొందఱును, ఉపదేశార్థమైన కథ యని మఱికొందఱును వాదింతురు. రాజుల రెండవగ్రంథము పదునాలుగవ యధ్యాయమున నమిత్తయి కుమారుఁడైన యోనా యొకఁడు కలఁడు. ఇశ్రాయేలు సరిహద్దు విస్తరించునని స్వరాజ్యమునకు శుభము పలికినవాఁ డాతఁడు. ఆ రాజ్యమును క్రీ. పూ. 722 ప్రాంతమున నాశముచేసినది యష్షూరు. శత్రునగరమునకు క్షమాభిక్ష చేర్చుమని యట్టివానినే పంపుటలోని తీవ్రత, చరిత్రపక్షమునఁ గాని కథాపక్షమునఁ గాని, యెఱుఁగనివాఁడు మత్స్యపు కొలఁతలతోఁ గాలము గడపును.

తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు చెప్పిన లింగములు హెబ్రీగ్రంథమునకుఁ బరాయివే. అయినను నుపక్రమోపసంహారములు, అభ్యాసము నను రెంటి నిచట బెట్టి చూచిన ఫలము కలదు. ఉపక్రమమున నీనెవె, ఉపసంహారమున నీనెవె. అభ్యాస మింకను స్పష్టము: దేవుఁడు "ఏర్పఱచెను" అను నొక్క హెబ్రీక్రియయే మత్స్యమునకు, చెట్టునకు, పురుగునకు, తూర్పుగాలికి నాలుగుమాఱులు వచ్చును. నీనెవె "దుష్టత్వము"నకు, యోనా కోపమునకు, చెట్టు పోఁగొట్టఁ బూనిన యాతని బాధకు మూలమున వాడఁబడినది "రాఆ" యను నొక్కపదమే. అనువాదములలో నివి వేఱువేఱు మాటలుగాఁ జీలిపోవుటచే, నగరపుఁ జెడుగును బ్రవక్త చెడుగును నొక్క త్రాసునఁ దూఁగుచున్నవని చదువరికిఁ దోఁపదు.

నీనెవె గతి చెప్పిన క్రియ మఱింత యాశ్చర్యకరము. "హాఫక్" అను ధాతువునకుఁ దలక్రిందు సేయుట యనియు, మార్చుట యనియు రెండర్థములు. ప్రవక్త మొదటి యర్థమునఁ బలికెను. నగరము రెండవ యర్థమున మాఱెను. ప్రవచన మబద్ధమయ్యెనా యను చిక్కు మన యాలంకారికు లెఱిఁగిన శ్లేషచే విడిపోవుచున్నది. తల్మూదుగురువులు దీనిని గుర్తించిరి. అగస్టీనును "దేవనగరము" నిరువదియొకటవ భాగమున, చెడ్డ నీనెవె కూలి మంచి నీనెవె లేచెనని, హెబ్రీభాష యెఱుఁగకయే యించుమించు నచ్చటికే చేరెను. సొరపాదుకొఱకు లేఖ వ్రాసిన యగస్టీనునకంటె నీ యగస్టీను మంచి వ్యాఖ్యాత.

గ్రంథము ప్రశ్నతో ముగియును. దానికి యోనా ప్రత్యుత్తరము లేదు. నహూమను మఱియొక ప్రవక్త గ్రంథమును బ్రశ్నతోనే ముగియును, దానికిని విషయము నీనెవెయే. కాని యది పతనమును జూచి చప్పట్లు చఱచువారిని గూర్చిన ప్రశ్న. యోనాను దేవుఁ డడుగునది, కుడియెడమల నెఱుఁగని లక్షయిరువదివేలకు మించిన మనుష్యులు గల నగరమును గూర్చి. గోనెపట్ట గట్టిన పశువులను జూచి నవ్వినవారు గమనింపఁదగిన దొకటి కలదు: మూలమున నా ప్రశ్నలోని, కావున గ్రంథములోని, కడపటి మాటలు పశువులను గూర్చినవి.