నల్ల ఇసుకలోని లోహము — టైటానియము

హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగరునకు, ఎల్.బి.నగరునకు చేరువన కంచన్‌బాగ్ కలదు. కాంచనమనగా బంగారము. కాని అచ్చటి లోహశాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శ్రమించినది బంగారము కొరకు కాదు, టైటానియము కొరకు.

ఈ మూలకమును మొదట గుర్తించినవాడు ఒక మతాచార్యుడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో విలియం గ్రెగర్ 1791లో ఒక వాగు ఒడ్డున నల్లని ఇసుకను చూచి పరీక్షించెను. అందలి ఇనుమును తొలగింపగా, అంతకు మునుపెవ్వరును ఎరుగని లోహపు ఆక్సైడు మిగిలెను. 1795లో బెర్లిను రసాయనజ్ఞుడు క్లాప్రోత్ రూటైలు అను ఖనిజములో అదే లోహమును కనుగొని, గ్రీకు పురాణములలోని భూదేవి పుత్రులైన టైటనుల పేర దానికి నామకరణము చేసెను.

పేరు వచ్చినది గాని లోహము చేతికి రాలేదు. ఇనుప ఖనిజమును బొగ్గుతో కాల్చినచో బొగ్గు ఆమ్లజనిని గ్రహించి ఇనుమును విడిచిపెట్టును. టైటానియమో, బొగ్గుతోనే కలిసిపోవును. వేడెక్కినపుడు గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని గూడ పీల్చుకొని పెళుసుబారును. 1910లో అమెరికాలో హంటర్ టైటానియం క్లోరైడును సోడియముతో కలిపి, బిగించిన ఉక్కు పాత్రలో కాచి, 99.9 శాతము శుద్ధమైన లోహమును సాధించెను. 1930 తరువాతి దశకములో లక్సెంబర్గు దేశీయుడైన క్రోల్ సోడియమునకు బదులు మెగ్నీషియమును వాడి, దేనితోను కలియని ఆర్గాను వాయువులో ఈ చర్యను జరిపెను. 1948లో అమెరికాలో మొదలైన వాణిజ్యోత్పత్తికి ఈ పద్ధతియే ఆధారము.

టైటానియము పరమాణు సంఖ్య 22. ఇది నీటికన్న నాలుగున్నర రెట్లు బరువు. ఇనుము దాదాపు ఎనిమిది రెట్లు. 1668 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. దీని ఉపరితలముపై వెంటనే ఏర్పడు పలుచని ఆక్సైడు పొర కవచమువలె కాపాడుటచే సముద్రపు నీటిలోను చెడదు. శరీరమునకు సరిపడును గనుక విరిగిన ఎముకలను అతుకుటకు ఉపయోగింతురు. పరివర్తన మూలకమగుటచే దీని సంయోజకత 2, 3, 4గా మారుచుండును. మూడు సంయోజకత గల లవణముల ద్రావణములు ఊదారంగున నుండగా, డయాక్సైడు మాత్రము తెల్లగానుండి రంగుల పరిశ్రమకు పనికివచ్చును.

గ్రెగర్ చూచిన నల్ల ఇసుక ఇల్మెనైటు. అదియే శ్రీకాకుళము, భీమునిపట్టణము తీరములందును, కేరళ తీరమునను కలదు. అయినను భారతదేశము చిరకాలము ఈ లోహమును విదేశములనుండి కొనవలసివచ్చెను. 1963లో స్థాపితమై కంచన్‌బాగ్‌లో పనిచేయుచున్న రక్షణ లోహ పరిశోధనశాల క్రోల్ పద్ధతిని ఇచ్చట సాధ్యము చేయ పూనుకొన్నది. ఖనిజమునుండి క్లోరైడును చేసి, బట్టీపట్టి శుద్ధిచేసి, మెగ్నీషియముతో చర్య జరిపినచో స్పంజివలె బొరియలుగల లోహము వచ్చును. ఈ పరిజ్ఞానముతో, విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రపు ధనసహాయముతో, ఏటా 500 టన్నుల సామర్థ్యము గల కర్మాగారము 2011లో కేరళలోని చవరలో ప్రారంభమయ్యెను. ఆ స్పంజిని శూన్యములో విద్యుచ్చాపముచే కరగించి దిమ్మెలుగా పోయు మిధాని సంస్థ, 1973లో ఏర్పడినది, కంచన్‌బాగ్‌లోనే ఉన్నది.

గ్రెగర్ పరీక్షనుండి శుద్ధలోహము వచ్చుటకు 119 ఏండ్లు పట్టినవి. మన ఇసుకనుండి మన దేశముననే లోహమును పెద్దయెత్తున తీయుటకు మరి 101 ఏండ్లు పట్టినవి.