తహ్‌లో ఏం పరవాలి? ఉప్పునీటి తొట్టిలో రేత్ కథ

ఉర్దూలో తహ్ అంటే అడుగు. ఒక మామ్లా లోతు దాకా వెళ్లినవాణ్ని 'తహ్ తక్ పహుంచా' అంటాం. ఉప్పునీటి అక్వేరియం శౌఖ్ ఉన్నవాళ్లు మాత్రం తొట్టి తహ్‌లో ఏం పరవాలన్న ఒక్క సవాల్ మీద ఏళ్ల తరబడి బహస్ చేస్తూనే ఉన్నారు. మంచినీటి తొట్టి అయితే నాలుగు రంగు రాళ్లు పోసి ఊరుకోవచ్చు. రీఫ్ తొట్టి అలా కాదు. అందులో చేపలతో పాటు ప్రాణమున్న పగడాలు కూడా ఉంటాయి. మన ఇళ్లలో మూంగా అంటారే, అరబ్బీలో మర్జాన్, అవే. నీళ్లలో గందగీ పెరిగితే చేప కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, పగడం ఓర్చుకోదు. చేప వదిలిన తిండి, దాని విసర్జన, అన్నీ చివరికి దిగేది తహ్‌కే. కాబట్టి ఇది సజావట్ మామ్లా కాదు. గందగీ ఎక్కడికి పోవాలన్న మామ్లా.

కథ లండన్‌లో మొదలవుతుంది. 1846లో అన్నా థిన్ అనే ఆమె ఇంగ్లండ్ తీరంలోని టార్కీ నుంచి బతికున్న పగడాల్ని లండన్‌కు తెచ్చుకుంది. సముద్రం దూరం, రోజూ కొత్త నీళ్లు రావు. ఆమె ఇంటి నౌకరానీ తెరిచిన కిటికీ ముందు నిలబడి, అరగంట ముప్పావుగంట సేపు ఆ నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది, గాలి కలవాలని. ఈ శౌఖ్‌కు మొదటి పంపు ఆ నౌకరానీ చేతులే. ఆమె పేరు మాత్రం తారీఖ్‌లో కనిపించదు.

1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ 'ది అక్వేరియం' అనే కితాబ్ రాశాడు. ఇక ఇంగ్లండ్‌లో ఇంటింటికీ ఆ పిచ్చి పట్టుకుంది. జనం బుట్టలు పట్టుకుని తీరాల మీద పడ్డారు. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తన తండ్రి గురించి రాసిన పుస్తకంలో, తన చిన్నప్పుడు చూసిన ఆ రాతి మడుగుల అందం అంతా దోపిడీ అయిపోయిందని బాధపడ్డాడు. తండ్రి శౌఖ్‌కు కొడుకు రాసిన హిసాబ్ అది.

ఆ జమానాలో రేత్‌కు పనేమీ లేదనుకునేవాళ్లు. నీళ్లను బాగుచేసేది మొక్కలేనని నమ్మకం. అమ్మోనియా విషాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది కంటికి కనిపించని బ్యాక్టీరియా అని రష్యన్ సైంటిస్ట్ వినోగ్రాడ్‌స్కీ తేల్చింది 1890 ప్రాంతంలో. ఆ ఇల్మ్ ఇళ్లలోని తొట్ల దాకా రావడానికి ఇంకో అర్ధ శతాబ్దం పైనే పట్టింది. అప్పుడు వచ్చింది గులకరాళ్ల కింద పెట్టే ఫిల్టర్. చిల్లుల పళ్లెం మీద పగడపు ముక్కలో, ఆల్చిప్పల పొడో పోసి, గాలి పంపుతో నీళ్లను వాటి గుండా కిందికి లాగేవారు. బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందేది, అమ్మోనియా పోయేది, చేపలు బతికేవి. కానీ నైట్రేట్ ఎక్కడికీ పోదు. అది పేరుకునేది, రాళ్ల మధ్య మురికి కూడా పేరుకునేది. పగడాలకు ఆ తొట్లు అచ్చిరాలేదు.

జవాబ్ జకార్తా నుంచి వచ్చింది. లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన, జీవాలతో నిండిన రాళ్లను తొట్టిలో పెట్టి, సన్నగా గాలి బుడగలు వదిలి, ఎండ తగలనిచ్చాడు. అంతే. 1961లో ఒక అమెరికన్ పత్రికలో ఆ పద్ధతి గురించి రాశాడు. సముద్రం పక్కనే ఉన్నవాడికి కుదిరింది, మాకెలా కుదురుతుందని చాలామంది పట్టించుకోలేదు. ఇవాళ రీఫ్ తొట్టి పెట్టే ప్రతివాడూ, ఆయన పేరు వినకపోయినా, ఆయన షాగిర్దే.

తర్వాత యూరప్‌లో రెండు దార్లు పుట్టాయి. బెర్లిన్ శౌఖీన్లు జీవమున్న రాళ్లు, తేజ్ లైట్లు, నురుగుతో మురికిని పైకి లాగేసే స్కిమ్మర్ పెట్టుకుని, తహ్‌ను దాదాపు ఖాలీగా వదిలేశారు. గందగీ కింద కూర్చునే మోకా ఇవ్వొద్దన్నది వాళ్ల మాట. మొనాకోలో ప్రొఫెసర్ జాన్ జోబేర్ సరిగ్గా దీనికి ఉల్టా వెళ్లాడు. అడుగున చిల్లుల పళ్లెం పెట్టి, దాని కింద కదలని నీటి ఖాళీ వదిలి, పైన మందంగా ముతక పగడపు రేత్ పోశాడు. పాత ఫిల్టర్‌లా పంపు లేదు. ఆక్సిజన్ మెల్లగా, కొద్దిగా మాత్రమే కిందికి దిగుతుంది. ఆక్సిజన్ దాదాపు లేనిచోట బతికే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ గాలిగా మార్చి బయటికి పంపేస్తుంది. అదీ అస్లీ కమాల్. ఆయన 1980ల చివర్లో దీన్ని ప్రచురించాడు. అదే కాలంలో మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియంలో 40,000 లీటర్ల పగడాల తొట్టి ఈ పద్ధతి మీదే నడిచింది.

1990లలో అమెరికాలో రాన్ షిమెక్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. పళ్లెం అక్కర్లేదు, పది సెంటీమీటర్లకు పైగా సన్నని రేత్ పోయండి, అందులో పురుగులు, చిన్న రొయ్య జాతి జీవాలు ఉంటే చాలు, అవే దున్నుతాయి అన్నాడు. వేలమంది పోశారు. కొన్నేళ్లకు చాలామంది తిట్టుకుంటూ తోడేశారు. లోపలి జీవాలు చచ్చిపోతే ఆ రేత్ గందగీ గోదాం అవుతుంది. ఒక రోజు ఎవరైనా కెలికితే కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి లేస్తుంది. మళ్లీ ఖాలీ తహ్ ఫ్యాషన్ అయింది. 2005లో టూనెన్, వీ అనే ఇద్దరు తొట్లను పక్కపక్కన పెట్టి తజుర్బా చేసి చూస్తే, పళ్లెం ఉన్నా లేకపోయినా పెద్ద ఫరక్ కనిపించలేదు. పదిహేనేళ్ల బహస్ అలా సగం చల్లబడింది.

ఇప్పుడు ఎక్కువమంది మధ్య దారిలో ఉన్నారు. రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల అరగొనైట్ రేత్, గింజ ఒకటి రెండు మిల్లీమీటర్లు. నా రాయ్ కూడా అదే, ఒక షర్తు మీద. నీటి వేగం బాగా కావలసిన కొమ్మల పగడాలు పెంచేవాళ్లకు ఖాలీ తహ్ నయం. రాత్రి రేత్‌లో దూరి పడుకునే రాస్ చేప ఉందంటే మాత్రం దానికి రేత్ ఇవ్వకపోవడం జుల్మ్. 'అరగొనైట్ పోస్తే పీహెచ్ దానంతట అదే నిలబడుతుంది' అని దుకాణాల్లో చెప్పేది సగం మాటే. తొట్టి నీళ్ల మామూలు పీహెచ్ దగ్గర అది కరగదు. లోతైన పొరలో, ఆమ్లం పెరిగినచోట మాత్రమే కొంత కరుగుతుంది.

మన దగ్గర బీచ్ నుంచి బకెట్టుతో తెచ్చుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన రేత్‌లో ఎక్కువ భాగం క్వార్ట్జ్. భీమిలి వైపు అయితే ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువు ఖనిజాలు కూడా కలిసి ఉంటాయి. ఆ నదుల బురద, మంచినీళ్ల వల్లే మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడలేదు. అవి ఉన్నది మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో.

మన్నార్‌లో దశాబ్దాల పాటు పగడాల్ని పడవలకెత్తి సున్నం బట్టీల్లో కాల్చారు. జిద్దాలో నౌకరీ చేసినవాళ్లు అల్-బలద్‌లో చూసే ఉంటారు, అక్కడి పాత ఇళ్ల గోడలు కూడా పగడపు రాయివే. ఆ జమానా వేరు. 2001లో మన దేశం దిబ్బలు కట్టే పగడాల్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది, పులితో బరాబర్. సముద్రం నుంచి ఎత్తుకొచ్చిన పగడపు రాయి కొన్నా అమ్మినా నేరమే. దుకాణందారు తెల్లటి ముక్కల సంచీ ముందు పెట్టి 'అస్లీ కోరల్, భాయ్' అంటే అక్కణ్నుంచి లేచి రండి. బహామాస్ నుంచి వచ్చే ఊలైట్ రేత్ పగడం విరిచి చేసింది కాదు. లోతు లేని వెచ్చని నీళ్లలో చిన్న గింజల చుట్టూ సున్నం పొర మీద పొర పేరుకుని తయారైంది. ధర ఎక్కువే. కొనే ముందు సంచీ మీద ఏ దేశానిదో, ఏ ఖనిజమో రాసి ఉందా చూసుకోండి. రాళ్లకు బదులు ఇప్పుడు సిరామిక్‌వి దొరుకుతున్నాయి. వాటి మీద బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా చేపను వదలొద్దు.