బిడ్డలను దిద్దు నివాసపాఠశాలలు

ఆర్మూరు పసుపునకు పేరుపడిన సీమ. పొలమునుండి త్రవ్వి తెచ్చిన పసుపును అట్లే అమ్మరు. ఉడికింతురు, ఎండబెట్టుదురు, దొరలించి మెరుగు పెట్టుదురు. అటుపిమ్మట గాని బజారున దానికి మంచి ధర పలుకదు. బిడ్డల విషయమున కూడ లోకమునకు ఇట్టి తలంపే యొకటి కలదు. మాట విననివానిని, బడి మానినవానిని, మత్తునకో చెడుసావాసమునకో లోబడినవానిని ఇల్లు విడిపించి, కట్టుదిట్టమైన యొకచోట కొన్నాళ్లుంచి, మెరుగుపెట్టి తిరిగి పంపవచ్చునని పెక్కురు నమ్ముదురు. తండ్రి గల్ఫుదేశములకు కూలికి పోగా, తల్లి యొక్కతె పొలమును సంసారమును మోయుచున్న ఇండ్లు ఈ ప్రాంతమున అనేకములు. పదునైదేండ్ల కొడుకు ఎదురుతిరిగిన దినమున, “హాస్టలులో వేసిన దారికి వచ్చును” అని ఎవరైన చెప్పిన ఆ తల్లి నమ్ముటలో వింత లేదు. ఆమెను నిందించుట న్యాయమును కాదు. కాని బిడ్డ పసుపుకొమ్ము కాడు. వానిని దిద్దుటకై కట్టిన ఇండ్లకు నూటయెనుబదియేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్ర నెరుగక ఈ వాదమును తేల్చుట సాధ్యము కాదు.

ఈ సంస్థలు పుట్టినది క్రౌర్యమునుండి కాదు, దయనుండి. దొంగతనము చేసిన బాలుని గజదొంగలతో కలిపి చెరసాలలో వేయుచున్న కాలమది. 1840లో ఫ్రాన్సు దేశమున మెట్రే యను చోట బాలుర కొక వ్యవసాయనివాసము తెరువబడెను. పిల్లలను చిన్నచిన్న కుటుంబములుగా విభజించి, పొలముపని నేర్పి, మంచివారిని చేయుట దాని ఆశయము. ఇంగ్లండున మేరీ కార్పెంటరు అను వనిత 1851లో ఈ విషయమునే గ్రంథము వ్రాసి, మరుసటి యేట కింగ్స్‌వుడ్డున స్వయముగా పాఠశాల నెలకొల్పెను. చెరసాల బాలుని చెరచును, బాలునకు కావలసినది ఇంటివంటి చోటు అని ఆమె వాదము. 1854లో ఆ దేశమున చట్టము పుట్టెను. 1866లో ఆమె మనదేశమునకు వచ్చి ఇచ్చటను ఇట్టి పాఠశాలలు కావలెనని బోధించెను.

మనదేశమున 1857లోనే బొంబాయియందు డేవిడ్ ససూన్ పేరిట ఇట్టి సంస్థ యొకటి వెలసియుండెను. 1876లో సంస్కారపాఠశాలల చట్టము వచ్చెను. 1897లో దానిని తిరుగవ్రాసిరి. మద్రాసు రాజధానియందు 1887లో చెంగల్పట్టున ఈ పాఠశాల ఏర్పడెను. తెలుగుజిల్లాలును ఆ రాజధానిలోనివే. 1897 నాటి చట్టమునందలి యొక నిబంధనను చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. నేరము చేసిన పదునైదేండ్లలోపు బాలుని పాఠశాలకు పంపినచో, మూడేండ్లకు తక్కువగాను ఏడేండ్లకు మించిగాను ఉంచరాదు. చిన్న దొంగతనమునకు పెద్దవానికి కొన్ని నెలల శిక్షతో పోవచ్చును. బాలునకు మాత్రము మూడేండ్లు తప్పవు! ఇది శిక్ష కాదు, శిక్షణ యని వారి సమాధానము. దయ పేరిట గడువు పెరిగినది. శిక్షయైనచో నేరమునకు తగిన కొలత యుండును. మేలుచేయుట యన్నప్పుడు కొలతయే యుండదు. ఈ సంస్థల చరిత్రయందలి మొదటి చిక్కు ఇదియే.

రెండవ చిక్కు ఇంతకన్న ఘోరమైనది. 1911 నాటి నేరస్థజాతుల చట్టము, ఆ జాతులని వ్రాయబడినవారి బిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేసి పాఠశాలలలో నుంచుటకు ప్రభుత్వమునకు అధికార మొసగెను. ఇచ్చట బిడ్డ చేసిన తప్పేమి? ఏమియు లేదు, ఆ తలిదండ్రులకు పుట్టుటయే. గుంటూరుమండలమున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఎరుకలవారి కొరకు స్టూవర్టుపురము వెలసినది ఈ చట్టపు నీడలోనే. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. అయినను ఆ యూరిపేరు విన్నంతనే దొంగలను తలచుట మనవారిలో ఎంతోకాలము మానలేదు. బాగుచేయుటకు పెట్టిన ఊరే మాయని మచ్చయైనది. “వీడు బాగుచేయవలసినవాడు” అని యొకసారి ముద్రవేసినచో, ఆ ముద్రను చెరుపుట ఎంత కష్టమో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆపైని 1920లో మద్రాసు బాలలచట్టము వచ్చెను. మనదేశపు రాజధానులలో ఇట్టి చట్టమునకు ఇదియే మొదటిది. ఇంగ్లండున 1902లో బోర్స్టల్ అను పల్లెయందు ఆరంభమైన పద్ధతిని అనుసరించి, పదునారు మొదలు ఇరువదియొకటి యేండ్ల యువకులకై 1926లో వేరొక చట్టము చేసిరి. ఆర్మూరు అప్పుడు నిజాము రాజ్యములోనిది గనుక ఈ చట్టములు ఇచ్చటికి రాలేదు. హైదరాబాదు రాష్ట్రమున బాలలచట్టము 1951లో వచ్చెను. తరువాతి కాలమున, ఆర్మూరునకు చేరువనే, నిజామాబాదున కారాగారశాఖవారి బోర్స్టల్ పాఠశాల నడచెను. పేరునకు పాఠశాల, పాలనకు కారాగారశాఖ! పుట్టినింట ఆ పద్ధతిని 1982 నాటి చట్టముచే తీసివేసిరి. మెట్రే నివాసము 1937లోనే మూతపడెను.

నిజామాబాదు కారాగారమున దాశరథితోపాటు రాజకీయఖైదీగా నుండిన వట్టికోట ఆళ్వారుస్వామి “జైలు లోపల” అను కథలు వ్రాసెను. గోడలకావల నున్నవాడును మనిషియే యని చెప్పుటకు లోపల నుండి వచ్చినవాడొకడు కావలసివచ్చెను. లోపలి మాట బయటికి వచ్చిననాడే సంస్కరణ మొదలగును. ఈ సూత్రమునే మన న్యాయస్థానములును శాసనసభలును మెల్లమెల్లగా గ్రహించినవి. 1986లో షీలా బార్సే వ్యాజ్యమున సుప్రీముకోర్టు బిడ్డలను చెరసాలలలో నుంచరాదని గట్టిగా చెప్పెను. ఆ యేటనే దేశమంతటికిని బాలన్యాయచట్టము వచ్చెను; 2000లోను 2015లోను దానిని తిరుగవ్రాసిరి. 2015 నాటి చట్టము ప్రకారము బిడ్డను సంస్థలో నుంచుట చిట్టచివరి యుపాయము. ప్రత్యేకగృహమునకు పంపినను మూడేండ్లకు మించరాదు. ఉత్తరువిచ్చుటకు మండలి కలదు, తనిఖీకి సంఘము కలదు, అప్పీలునకు న్యాయస్థానము కలదు. 1897లో కనీసపు గడువైన మూడేండ్లు నేడు గరిష్ఠపు గడువైనది. నూటపదునెనిమిదేండ్ల అనుభవమంతయు ఈ మార్పునందు ఇమిడియున్నది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. దొంగతనము చేసిన బిడ్డకు ఇన్ని రక్షణలున్నవి. ఏ నేరమును చేయక, తండ్రితో తగవులాడి, పరీక్ష తప్పి, తలిదండ్రులచే “దిద్దుబాటు”నకు పంపబడిన బిడ్డకు ఏమున్నవి? వానిని పంపినది మండలి కాదు గనుక ఉత్తరువు లేదు. ఉత్తరువు లేదు గనుక గడువు లేదు. రుసుము చెల్లించినంతకాలము గడువే. కొట్టుట నేరమని చట్టము చెప్పుచునే యున్నది. కాని టెలిఫోనును తీసికొని, ఉత్తరమును చదివి, తలిదండ్రుల రాకను నిషేధించినచోట ఆ చట్టమునకు కబురందించు వారెవరు?

ఇది ఊహ కాదు. అమెరికాలో సంపన్నులు తమ బిడ్డలను పంపిన ఇట్టి చికిత్సాపాఠశాలలు వందలకొలది వెలసినవి. 2007లో ఆ దేశపు ప్రభుత్వ తనిఖీకార్యాలయము వానియందు మరణించిన పదిమంది పిల్లల వృత్తాంతములను పరిశోధించి, శిక్షణలేని పనివారిని, ఆహారలోపమును, నిర్లక్ష్యమును బయటపెట్టెను. అయినను వీనిని గూర్చిన జాతీయచట్టము సంతకమునకు వచ్చుటకు 2024 డిసెంబరు వరకు పట్టెను. అదియు, లోపల బాల్యమును గడపిన వారు పెద్దవారై నోరువిప్పిన పిమ్మటనే.

“అన్నియు నట్టివి కావు, కొందరు బిడ్డలు నిజముగా బాగుపడిరి” అని నివాసపక్షమువారు చెప్పుదురు. అది నిజమే. మత్తునకు బానిసయై ప్రాణముమీదికి తెచ్చుకొన్న బిడ్డను ఇంట నుంచుకొనుట అన్నివేళల సాధ్యము కాదు. అట్టివానికై 2017 నాటి మానసికారోగ్యచట్టము దారి చూపినది. మైనరును అసాధారణపరిస్థితులలోనే చేర్చుకొనవలెను. వైద్యనిపుణులు విడివిడిగా పరీక్షింపవలెను. పెద్దలైన రోగులతో కలుపరాదు. బిడ్డతో తనవారొకరు ఉండవలెను. డెబ్బదిరెండు గంటలలో మండలికి తెలుపవలెను. చికిత్స యన్నచో ఈ నియమములకు తలయొగ్గవలెను. పాఠశాల యన్నచో పాఠశాలవలె తలుపు తెరిచియుంచవలెను. చికిత్సపేరిట రుసుమును, పాఠశాలపేరిట స్వేచ్ఛను రెంటిని కోరుట తగదు.

కావున బిడ్డను పంపదలచిన తలిదండ్రులు మూడు ప్రశ్నలు వేయవలెను. ఎన్నాళ్లు? చూచుటకు ఏ దినమైనను రావచ్చునా? బిడ్డ మీపై ఫిర్యాదు చేయదలచిన ఎవరితో, ఏ విధమున చెప్పుకొనును? ఈ మూటికి తిన్నని సమాధానము రానిచోట గోడలెంత తెల్లనివైనను, తోట యెంత పచ్చనిదైనను, బిడ్డను విడువరాదు. ప్రభుత్వమును ఈ మూడింటినే నిబంధనలుగా జేసి, రుసుము గైకొని బిడ్డలను దిద్దుదుమను ప్రతి సంస్థకును వర్తింపజేయవలెను.

అంతకన్న ముందు చేయవలసినది ఊరిలోనే కలదు. ఒంటరి తల్లికి తోడు దొరకవలెను. బడి మానినవానిని వెదకి వచ్చు ఉపాధ్యాయుడు కావలెను. ఇంటికడనే యుండి వారమున కొకనాడు పోయి మాటాడదగిన మనోవైద్యుడు తాలూకా ఆసుపత్రియందుండవలెను. వీనికి అగు వ్యయము గోడలకగు వ్యయముకన్న తక్కువ. బిడ్డ తప్పిపోయినది ఇంటికిని బడికిని నడుమ. వానిని వెదకవలసినదియు అచ్చటనే.