ఎగిరిపోయే నూనెను పట్టిన కథ

పులివెందుల చీనీ తోటల మధ్య పెరిగిన పిల్లలకు ఈ ఆట తెలిసిందే. పచ్చి తొక్కను దీపం దగ్గర మడిచి నొక్కితే సన్నటి తుంపర ఎగసి చిటపటమని మండుతుంది. తొక్క మీద చుక్కచుక్కలుగా కనిపించే తిత్తుల్లోని నూనె అది. అందులో తొంభై శాతానికి పైగా లిమోనీన్ అనే పదార్థమే. ఆ తుంపరను ఈసారి కాగితం మీద పడనివ్వండి. పక్కనే ప్రొద్దుటూరు మిల్లులో ఆడించిన శెనక్కాయ నూనె ఒక చుక్క వేయండి. కాసేపటికి చీనీ నూనె ఆవిరైపోతుంది. శెనక్కాయ నూనె మరక మాత్రం ఎన్నాళ్లయినా పోదు.

ఎగిరిపోయే గుణం లేకపోతే సుగంధ తైలం లేదు. నూనె గాలిలో కలిస్తేనే కదా వాసన ముక్కుకు చేరేది! చిక్కంతా కూడా అక్కడే ఉంది. నిలవని సరుకును పట్టి దాచి, తల పగిలిపోతున్న పూట ఇంట్లో చేతికందేలా చేయడం ఎలా? సుగంధ తైలాలతో ఉపశమనం వెతికే అరోమాథెరపీ పుట్టుక కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది.

పట్టే పని బట్టీతో మొదలైంది. పూలో ఆకులో నీళ్లలో వేసి కాస్తే, ఆవిరితో పాటు నూనె కూడా లేస్తుంది. ఆ ఆవిరి చల్లారితే నీళ్లూ నూనే వేరుపడతాయి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ పెద్ద రాగి పాత్ర మూతను మట్టితో మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీళ్లతొట్టిలో ఉంచిన మరో పాత్రలోకి దించుతారు. ఆ రెండో పాత్రలో ముందుగానే గంధపు నూనె పోసి ఉంటుంది. గులాబీ, మల్లె వాసనలు దాన్ని అంటిపెట్టుకుని నిలిచిపోతాయి. అదే అత్తరు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధాల తయారీకి గంధయుక్తి అని ఒక అధ్యాయం కేటాయించాడు. కానీ ఇవన్నీ కలిగినవాళ్ల భోగాలు. సామాన్యుడి ఇంట్లో ఎండాకాలపు పరిమళమంటే వట్టివేళ్లు వేసిన కుండ నీళ్లే.

పంతొమ్మిదో శతాబ్దం ఈ తైలాలను టోకు సరుకుగా మార్చింది. ఆస్ట్రేలియాలో జోసెఫ్ బొసిస్టో 1852లో నీలగిరి తైలాన్ని వ్యాపారానికి తీయడం మొదలుపెట్టాడు. పుదీనా జాతి మొక్క నుంచి తీసే మెంథాల్ జపాన్ నుంచి, కర్పూరం తైవాన్ నుంచి ఓడలెక్కాయి.

అలాంటి ఓడలు ఆగే బొంబాయికి చేరిన తెలుగువారు కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా జిల్లాలో 1867లో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. బొంబాయిలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ వ్యాపారం మెళకువలు పట్టారు. 1893లో, ఇరవై ఆరేళ్ల వయసులో, అమృతాంజనం తయారుచేశారు. ఆ బామ్ పట్టీ మీద నేటికీ కనిపించే కర్పూరం, పుదీనా పువ్వు (అంటే మెంథాల్), నీలగిరి తైలం మూడూ ఎగిరిపోయే రకాలే. బామ్ కిటుకు వాటిని మైనంలాంటి ముద్దలో కలపడంలో ఉంది. మూత బిగిస్తే ఏళ్లకేళ్లు నిలుస్తాయి. నుదుటికి రాస్తే ఒంటి వేడికి కొద్దికొద్దిగా విడుదలై, అటు చర్మానికీ ఇటు ముక్కుకూ పనిచేస్తాయి.

మొదట్లో ధర పది అణాలు. అప్పటి కూలివాడికి అది ఒకరోజు కష్టం కంటే ఎక్కువే. అందుకే నాగేశ్వరరావు సంగీత కచేరీల్లో బామ్‌ను ఊరికే పంచారు. ఒకసారి రాసుకున్నవాళ్లు మళ్లీ అడిగి కొన్నారు. ఆ రాబడి పత్రికలకు పెట్టుబడి అయింది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది.

అరోమాథెరపీ అన్న పేరు ఇంకా పుట్టలేదు. ఫ్రాన్స్‌లో లియాన్ నగర రసాయన శాస్త్రవేత్త రెనే మారిస్ గాట్‌ఫోస్ 1910లో ప్రయోగశాలలో కాలిన గాయాల పాలయ్యారు. పక్కనున్న లావెండర్ తొట్టిలో గబుక్కున చెయ్యి ముంచితే మంట మాయమైందని కథ చెబుతారు. ఆయన స్వయంగా రాసింది వేరు. కాలిన చేతులకు గాంగ్రీన్ సోకితే, లావెండర్ తైలంతో కడిగాక అది ఆగిందన్నారు. తన అనుభవానికి పరిశోధన జోడించి 1937లో అరోమాథెరపీ పేరుతోనే పుస్తకం వేశారు. అంటే మన బామ్‌కు నలభై నాలుగేళ్ల తర్వాత.

అదే 1937 నవంబరు 16న, మద్రాసులోని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో రాయలసీమ, కోస్తా నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. సంతకాలు చేసినవారిలో మన కడప కోటిరెడ్డి ఒకరు. నీళ్లు, విశ్వవిద్యాలయం, రాజధాని గురించి సీమవాసులు నేటికీ ఎత్తిచూపే ఆ కాగితం ఒక బామ్ వ్యాపారి ఇంట్లో పుట్టింది.

బామ్ రాస్తే నుదురు ఎందుకు చల్లబడుతుంది? నిజానికి చల్లబడదు. చలిని పసిగట్టే నరాల మీది గ్రాహకాన్ని మెంథాల్ తట్టి లేపుతుంది. మెదడు దాన్ని చల్లదనంగా లెక్కవేస్తుంది. ఈ గుట్టు 2002లో తేలింది. దాన్ని విప్పిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లు స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాల మీద చేసిన కృషికి 2021లో నోబెల్ అందుకున్నారు. ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పికి నుదుటన రాసిన పుదీనా తైలం పారాసిటమాల్‌కు దీటుగా పనిచేసిందని 1996లో జర్మనీలోని కీల్ పరిశోధకులు చూపారు. లావెండర్ వాసన ఆందోళనను కొంత తగ్గిస్తుందన్న అధ్యయనాలూ ఉన్నాయి. అంతకుమించి, సీసా వాసన చూస్తే రోగాలు నయమవుతాయన్న మాటలకు ఆధారం లేదు.

ఇప్పుడు జమ్మలమడుగులో కూర్చుని ఫోన్‌లో ఆర్డరిచ్చినా, తైలాన్ని గదిలో వెదజల్లే డిఫ్యూజర్ ఇంటికొస్తుంది. తైలం సీసా కొనేటప్పుడు మొక్క శాస్త్రీయనామం ఉందో లేదో చూడండి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని మాత్రమే ఉంటే అది కలిపి చేసిన సెంటు కావచ్చు. నీళ్లలో మూడు నాలుగు చుక్కలు వేసి, కిటికీ ఓరగా తెరిచి, అరగంట నడిపి ఆపేస్తే చాలు. ఒంటికి రాయాలంటే నేరుగా వద్దు; వంద మిల్లీలీటర్ల నువ్వుల నూనెకో కొబ్బరి నూనెకో రెండు మిల్లీలీటర్లు మించనివ్వకండి. చీనీ, నిమ్మ తైలాలు గాలి తగిలి పాతబడితే చర్మం దద్దురెక్కుతుంది కాబట్టి ముదురు రంగు సీసాలో, మూత బిగించి ఉంచండి. కర్పూరం, నీలగిరి తైలం పిల్లలు మింగితే ఫిట్స్ రావచ్చు, అందని ఎత్తులో పెట్టాలి. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర ఏ బామూ రాయకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ల గదిలో డిఫ్యూజర్ పెట్టే ముందు వాళ్లను అడగండి. తలనొప్పి రోజుల తరబడి వదలకపోతే ఇక తైలాలతో కాలక్షేపం చేయక డాక్టరుకు చూపించుకోండి.