బ్లాక్ పట్టుకుని

పొద్దున పది. అమీర్‌పేట మైత్రీవనం ముందు ఒక కుర్రాడు మీ చేతిలో కోచింగ్ పాంప్లెట్ కుక్కుతాడు. రెండో చేతిలో బ్లాక్ ఉంది. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, అందులో మైనం, మైనంలో మీ తమ్ముడి పెద్దపేగు తునక. వాడికి 34. ఏడాదిగా రక్తం పడుతుంటే పైల్స్ అనుకుని ఆయింట్‌మెంట్‌తో నెట్టుకొచ్చాడు.

"ఎండల పెట్టకు అన్నా, మైనం కరుగుతది" అన్నాడు ల్యాబ్ అబ్బాయి. మెట్రో స్తంభాల నీడన పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రి దాకా నడుస్తారు.

డాక్టరమ్మ కాగితం కోసం చూస్తే పాంప్లెట్ ఇస్తారు. వెనకవైపు గీస్తుంది.

"ముందు ఏపీసీ జీన్ చెడుతుంది. బీటా కెటెనిన్ అనే ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు తొలగించేది అదే. అది పోతే కణాలు ఆగకుండా పెరిగి పాలిప్ లేస్తుంది. తర్వాత కేరాస్, స్మాడ్4, చివర్లో పీ53. మామూలుగా పదేళ్ళు పడుతుంది."

1990లో ఫియరాన్, వోగెల్‌స్టైన్ చూపిన వరసకు తర్వాతి రూపం ఇది. మీకు మాత్రం పదేళ్ళ దగ్గరే లెక్క ఆగుతుంది. పదేళ్ళ కింద వాడు అమీర్‌పేటలోనే హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్నాడు.

మన కుర్రవాళ్ళ గడ్డలు చాలాసార్లు ఈ వరసలో నడవవు. ఇదే ఊళ్ళో సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో మురళీధరన్ బాశ్యం బృందం చిన్నవయసు వారి గడ్డలు పరీక్షిస్తే, చాలావాటిలో బీటా కెటెనిన్ దారి తెరుచుకున్న జాడే లేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా?"

"అమ్మకు మేడమ్. గర్భసంచిల కాన్సర్. 46 ఏండ్లకే పోయింది."

ఆమె పాంప్లెట్ పక్కకు నెట్టి ఫారం మీద నాలుగు పేర్లు రాస్తుంది: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు పడే తప్పులు దిద్దే ప్రోటీన్లు. బ్లాక్ నుంచి పల్చని పొరలు కోసి రంగు పట్టిస్తారు. ఏదైనా కనబడకపోతే లించ్ సిండ్రోమ్ అనుమానం, ఆపైన రక్తపరీక్ష. పేగూ గర్భసంచీ ఒకే ఇంట్లో దెబ్బతినడం దాని ఆనవాలు. అక్కడ పదేళ్ళ లెక్క చెల్లదు. పాలిప్ రెండు మూడేళ్ళకే కాన్సర్ కావచ్చు.

"మీరూ కొలనోస్కోపీ చేయించుకోవాలి."

"నాకేం లేదు మేడమ్."

"తల్లికి ఆ జీన్ లోపం ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి అది రావడానికి సగం అవకాశం. ఇలాంటి ఇళ్ళల్లో 20 దాటితే మొదలుపెడతాం, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి. మీ వయసు?"

"38."

"చెల్లెళ్ళున్నారా?"

"ఒకతి. కరీంనగర్‌ల ఉంటది."

"ఆమెను కూడా రమ్మనండి. గర్భసంచి కూడా చూడాలి."