చట్రంలోని దండారి, చట్రం వెలుపలి భూమి

జానపద నర్తకుల ఛాయాచిత్రాలను గురించి మనవారు రాసేటప్పుడు రెండే మాటలు వినిపిస్తాయి. అంతరించే కళను పదిలపరచారన్నది ఒకటి, ఎంత సహజంగా వచ్చాయోనన్నది మరొకటి. ఆ ఆడేవాడు ఎవరి భూమి దున్నాడు, ఆడిన పది రోజులూ అతనికి అన్నం ఎక్కడిది అన్న ప్రశ్న కళావిమర్శకు సంబంధించింది కాదన్నట్లు వదిలేస్తారు. నేను దానితోనే మొదలుపెడతాను.

మా మెండోర మండలానికి గోదావరే హద్దు. ఆవలి ఒడ్డు పూర్వపు ఆదిలాబాదు జిల్లా. 1931లో నిజాంసాగర్, 1937లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, ఇవన్నీ ఈ వైపు వచ్చాయి. కాలువ నీళ్లు, చెరకు, కొత్త పెట్టుబడి వచ్చాయి. అదే కాలంలో అదే సర్కారు ఆవలి వైపు అడవులకు హద్దులు గీసి, తాతల నాటి నుంచి దున్నుకుంటున్న గోండులను వెళ్లగొట్టింది. పట్టా అంటే ఏమిటో తెలిసిన పైవాళ్లకు పట్టాలు దొరికాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము పోలీసు తుపాకులకు బలి అయ్యాడు.

తుపాకి వెనుక కెమెరా వచ్చింది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. యుద్ధకాలంలో శత్రుదేశపు మనిషిగా లెక్కకు వచ్చి, హైదరాబాదు రాజ్యం దాటి పోరాదన్న ఆంక్షలో ఉన్నవాడు. 1941 నుంచి భార్య బెట్టీతో గోండు గ్రామం మార్లవాయిలో కాపురం పెట్టాడు. వృత్తి ఛాయాగ్రాహకుడు కాకపోయినా, ఆయన తీసిన వేల చిత్రాలు నేడు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాసంస్థలో ఉన్నాయి. ఆరవ నిజాం దర్బారులో రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాల పక్కన వీటిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ మనుషులు తీయించుకోవడానికి నిలబడ్డారు. ఇక్కడ తమ పనిలో తామున్నారు.

ఆ పని దండారి. దీపావళి వేళ గోండు పల్లెల్లో రోజుల తరబడి సాగుతుంది. నెమలిపింఛాల పెద్ద కిరీటం, ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, చేత కర్ర. అతను గుస్సాడీ. దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. అతని వెంట కర్రలతో ఆడే యువకులు, ఆడవేషం కట్టిన కుర్రవాళ్లు, డప్పు, తుడుం. ఒక ఊరి దండారి మరో ఊరికి అతిథిగా పోతుంది. ఆ ఊరు ఎదురేగి, రాత్రంతా ఆడించి, బృందమంతటికీ అన్నం పెట్టాలి. వియ్యాలు కలిసేవి ఆ రాకపోకల్లోనే. ఇంట్లో గింజ లేని ఊరు దండారిని పిలవలేదు. పింఛం చిత్రంలో పడుతుంది గాని గాదె పడదు.

హైమన్‌డార్ఫ్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే ఆయనను పాలకుల మనిషి అని ఒక్క మాటతో కొట్టివేసే మిత్రులతో నేను ఏకీభవించను. పాలకుల మనిషే, సందేహం లేదు. భీము లేవకపోతే ఆయన మాటను ఆ ప్రభుత్వం చెవిన పెట్టేదీ కాదు. అయినా 1945లో హైదరాబాదు రెవిన్యూ శాఖ అచ్చువేసిన ఆయన నివేదికలలో అడుగడుగునా ఉన్నది భూమి సమస్యే. 1948 నాటి గ్రంథానికి ఆయన పెట్టిన ఉపశీర్షిక ‘దక్కనులో ఒక రైతు సంస్కృతి’ అనే అర్థమిస్తుంది. గోండును అడవి వింతగా కాక రైతుగా చూశాడన్నమాట! 1356 ఫసలీ (1946) గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, 11 వేలకు పైగా కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాల పంపిణీ ఆ కాలపు ఫలితాలు. కరువు బెంగాలును తీసిన కమ్యూనిస్టు ఛాయాగ్రాహకుడు సునీల్ జనా కూడా తరువాత ఎల్విన్ వెంట ఆదివాసీ పల్లెలు తిరిగాడు. అందమైన చిత్రాలు తెచ్చాడు. పట్టా మాత్రం తేలేదు. అది ఛాయాగ్రాహకుడి పని కాదనుకోండి.

1970ల చివర మళ్లీ వచ్చి చూసేసరికి ఆ భూమి చాలావరకు వలస వచ్చిన గిరిజనేతరుల చేతుల్లో ఉంది. 1982లో వెలువడిన గ్రంథంలో ఆయన ఆ పతనాన్ని రాశాడు. భూమి బదలాయింపును నిషేధించే 1/70 చట్టం అప్పటికే ఉంది, కాగితం మీద.

గుస్సాడీ మాత్రం ఎదిగింది. మార్లవాయి కనకరాజు 1980ల తొలినాళ్లలో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఎదుట ఆడారు. 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశారు. ఆయన కళకు నేను నమస్కరిస్తాను. కానీ దీపావళికే చెల్లే దీక్ష జనవరిలోనూ, మంత్రిగారి సభలోనూ, ఏ తేదీకి పిలిస్తే ఆ తేదీకి ఆడే అంశమైంది. అతిథిగా పోయినవాడికి పారితోషికం చీటీ రాసిస్తున్నారు. ప్రదర్శనశాలల్లో పాత చిత్రాలను పెద్దవి చేసి వేలాడదీస్తున్నారు. 1945 నివేదికలో ఒక్క పుట వాటి పక్కన అంటించిన ప్రదర్శన నేను చూడలేదు.

1981 ఏప్రిల్ 20న భూమి కోసం ఇంద్రవెల్లి సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని సర్కారు లెక్క. పౌరహక్కుల వారు అంతకు ఎన్నో రెట్లు చెప్పారు. అక్కడ లేచిన స్తూపాన్ని 1986లో పేల్చివేస్తే, మళ్లీ కట్టవలసి వచ్చింది. ఆ తేదీన నివాళికి వచ్చేవారిని ఏళ్ల తరబడి నిషేధాజ్ఞలు ఆపాయి. గుస్సాడీని వేదిక ఎక్కించి ఫోటో దిగడానికి ఏ ఏడూ ఏ ఆజ్ఞా అడ్డు రాలేదు.