ఐదో పావు

రోమ్ నగరపు టెస్టాచియో పేటలో ఒక పాత ట్రాటోరియాలో, అంటే మన పూటకూళ్ళ ఇంటి వంటి చోట, ఆవుతోక కూర తిన్నాను. వంటకాల పట్టికలో 'సంప్రదాయ వంటకం' అని ఉంది. నాకది కూలి చీటీలా తోచింది.

1888-91 మధ్య ఈ పేటలో పెద్ద కబేళా కట్టారు. పశువును నాలుగు పావులు చేసి, మేలైన మాంసాన్ని కలవారి ఇళ్ళకు పంపేవారు. మిగిలిన తోక, పేగులు, కార్జం 'ఐదో పావు'. (పావులు నాలుగే కదా అనకండి, ఐదోది లెక్కలో లేనివారిది!) తోళ్ళు ఒలిచే వాచినారీలకు కూలిలో కొంత ఆ రూపంలోనే ముట్టేది. ఎముకను అంటిన ఆ తోకమాంసాన్ని టమాటా, సెలెరీలతో గంటల తరబడి ఉడికించగా పుట్టినదే 'కోడా అల్లా వాచినారా'. ఒలిచినవారి పేరు వంటకానికి దక్కింది.

కబేళా 1975లో మూతపడింది. ఆ కట్టడాలలో ఇప్పుడు కళాప్రదర్శనలు జరుగుతున్నాయి.